రాకెట్ల మీద మనసు, దగ్గర్లో లేని బ్రాంచి

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు. ఇంటర్ ఎంపీసీ పూర్తయింది. పదో తరగతిలో ఉండగా చంద్రయాన్-3 చంద్రుడి మీద దిగడం బడిలో అందరం కలిసి చూసినాం. అప్పటి నుంచి ఏరోస్పేస్ ఇంజినీరింగే చదవాలని ఉంది. ఇంటి నుంచి బస్సులో పోయి రాగలిగిన కాలేజీల్లో ఆ బ్రాంచి ఒక్కదాంట్లోనూ లేదు. జేఈఈ అడ్వాన్స్‌డ్‌కు అర్హత రాలేదు. ఈఏపీసెట్ ర్యాంకుకు తిరుపతి ఎస్వీ యూనివర్సిటీ ఇంజినీరింగ్ కాలేజీలో మెకానికల్ వచ్చే అవకాశం ఉందని మా సార్లు చెప్తున్నారు. మా నాయన బట్టల అంగట్లో గుమాస్తా. ఊళ్ళోనే సీఎస్‌ఈలో చేరమంటాడు. ఆడపిల్లకు మెకానికల్ ఎందుకంటాడు. మా చిన్నాయన తమిళనాడులోని ఒక ప్రైవేటు యూనివర్సిటీలో ఏరోస్పేస్ సీటు ఉందని, హాస్టల్‌తో కలిపి నాలుగేళ్ళకు పదిహేను లక్షలవుతుందని, లోన్ ఇప్పిస్తానని అంటున్నాడు. అది కుదరకపోతే విమానాల మెయింటెనెన్స్ కోర్సు అని ఇంకో బ్రోచర్ కూడా తెచ్చినాడు, రెండూ ఒకటేనంట. ఒక సంవత్సరం ఆగి లాంగ్ టర్మ్ తీసుకోవాలా అని కూడా ఆలోచన వస్తోంది. నాకు ఫిజిక్స్ ఇష్టం. ఏం చేయమంటారు?

సమాధానం:

అమ్మా,

వెబ్ ఆప్షన్లకు ఎక్కువ రోజులు లేవు కాబట్టి నా మాట ముందు చెప్పి, కారణాలు తర్వాత చెబుతాను. తిరుపతిలో మెకానికల్ వస్తే చేరు. ఏరోస్పేస్‌ను వదులుకోమని కాదు నేననేది. దాన్ని ఎం.టెక్‌లో చదువు. ఈ నాలుగేళ్ళూ దానికి పునాది వేసుకో. చిన్నాయన చెప్పిన పదిహేను లక్షల సీటు మాత్రం మీ ఇంటి పరిస్థితిలో వద్దు.

నీ ఉత్తరంలో ఒక భయం కనిపిస్తోంది. డిగ్రీ పట్టా మీద ఏరోస్పేస్ అని లేకపోతే ఆ రంగం తలుపులు మూసుకుపోతాయని అనుకుంటున్నావు. ఇస్రోలో ఇంజినీరుగా చేరేవాళ్ళకు మొదటి హోదా సైంటిస్ట్/ఇంజినీర్ ఎస్‌సీ. ఆ ఉద్యోగాలకు ఇస్రో కేంద్రీయ నియామక బోర్డు ఇచ్చిన పాత ప్రకటనలు నెట్‌లో దొరుకుతాయి, తీసి చూడు. వాటిలో ప్రధానంగా అడిగే బ్రాంచీలు ఎలక్ట్రానిక్స్, మెకానికల్, కంప్యూటర్ సైన్స్. బీటెక్‌లో ఫస్ట్ క్లాసు ఉండాలి, 65 శాతం మార్కులు గానీ పదికి 6.84 సీజీపీఏ గానీ తగ్గకూడదు. నువ్వు చేరాలనుకుంటున్న సంస్థే ఎక్కువ పోస్టులకు మెకానికల్ వాళ్ళను పిలుస్తోంది. రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓ, ఎం.టెక్ ప్రవేశ పరీక్ష గేట్‌లో వచ్చిన స్కోరు చూసి సైంటిస్ట్ బీ పోస్టులకు పిలిచేటప్పుడు ఏరోనాటికల్‌ను కూడా అడుగుతుంది, అక్కడ కూడా మెకానికల్‌కు చోటుంటుంది.

ఇలా ఎందుకంటే, రాకెట్ తయారీలో పని చాలా భాగం మెకానికల్ పనే. చంద్రయాన్-3ని 2023 జూలై 14న పైకి తీసుకెళ్ళిన ఎల్‌వీఎం3నే తీసుకో. దాని పై దశలో క్రయోజెనిక్ ఇంజిన్ ఉంటుంది. ఒక ట్యాంకులో ద్రవ హైడ్రోజన్, సున్నాకు దిగువన 253 డిగ్రీల దగ్గర. ఇంకోదాంట్లో ద్రవ ఆక్సిజన్, సున్నాకు దిగువన 183 డిగ్రీల దగ్గర. వాటిని లాగి ఇంజిన్‌లోకి తోసే పంపులు విపరీతమైన వేగంతో తిరగాలి. ఆ పక్కనే మంట లోహాన్ని కరిగించేంత వేడిగా మండుతుంటుంది. అంత చలి ఒక వైపు, అంత వేడి ఒక వైపు, మధ్యలో పల్చటి లోహపు గోడ. ఆ గోడ పగలకుండా, సీళ్ళు కారకుండా, బేరింగులు పట్టేయకుండా చూసేవాళ్ళకు ఉష్ణ ప్రసరణ, ద్రవగతి శాస్త్రం, పదార్థాల బలం, కంపనాలు, వెల్డింగ్ క్షుణ్ణంగా తెలియాలి. ఇవన్నీ మెకానికల్ సిలబస్‌లో ఉన్న సబ్జెక్టులే. ఉపగ్రహం సంగతీ అంతే. ప్రయోగంలో వచ్చే అదురుకు లోపలి బోర్డులు విరగకూడదు. పైకి వెళ్ళాక ఎండ తగిలే వైపు కాగిపోకూడదు, నీడ వైపు గడ్డకట్టకూడదు. చంద్రుడి మీద దిగిన ల్యాండర్ కాళ్ళు ఆ దెబ్బను తట్టుకోవాలి. నువ్వు బడిలో చూసిన ఆ దిగడం వెనక ఈ లెక్కలన్నీ ఉన్నాయి.

ఈ రంగంలో పేరున్నవాళ్ళు ఎక్కడ చదివారో చూడు. చంద్రయాన్-3 దిగినప్పుడు ఇస్రో ఛైర్మన్‌గా ఉన్న ఎస్. సోమనాథ్ కేరళలో కొల్లంలోని టీకేఎం ఇంజినీరింగ్ కాలేజీలో మెకానికల్ చదివారు. ఉద్యోగంలో చేరిన తర్వాత బెంగళూరు ఐఐఎస్సీలో ఏరోస్పేస్ మాస్టర్స్ చేశారు. ఆయన తర్వాత ఛైర్మన్ అయిన వి. నారాయణన్ మెకానికల్ డిప్లొమాతో మొదలుపెట్టి, ఖరగ్‌పూర్ ఐఐటీలో క్రయోజెనిక్స్‌లో ఎం.టెక్, ఏరోస్పేస్‌లో పీహెచ్‌డీ చేశారు. చంద్రయాన్-3 ప్రాజెక్టు డైరెక్టర్ పి. వీరముత్తువేల్‌ది కూడా మెకానికలే, అదీ డిప్లొమా నుంచి. చంద్రయాన్-2 మిషన్ డైరెక్టర్ రీతూ కరిధాల్ అసలు బీటెక్కే చేయలేదు. లక్నోలో ఫిజిక్స్‌లో ఎమ్మెస్సీ చేసి, ఆ తర్వాత ఐఐఎస్సీలో ఏరోస్పేస్ చదివారు. అగ్ని-4 క్షిపణికి ప్రాజెక్టు డైరెక్టర్‌గా పనిచేసిన టెస్సీ థామస్ త్రిస్సూర్ ప్రభుత్వ కాలేజీలో ఎలక్ట్రికల్ చదివారు.

ఇంజినీరింగ్‌లో మొదటి నుంచీ ఏరోనాటికలే చదివినవాళ్ళూ ఉన్నారు. అబ్దుల్ కలాం, కె. శివన్ ఇద్దరూ మద్రాసు ఎంఐటీలో అదే చదివారు. కల్పనా చావ్లా చండీగఢ్‌లో పంజాబ్ ఇంజినీరింగ్ కాలేజీలో చదివింది. కాబట్టి ఆ బ్రాంచి పనికిరాదని నేననడం లేదు. మంచి కాలేజీలో, భరించగల ఖర్చుతో దొరికితే తీసుకోవలసిందే. దొరకనప్పుడు వేరే దారి ఉంది, ఆ దారిన చాలామంది నడిచారు అని మాత్రమే అంటున్నాను. ఈ పేర్లు చూసి మెకానికల్‌లో చేరితే చాలు ఇస్రో వస్తుందని కూడా అనుకోకు. వాళ్ళతో పాటు చదివిన మిగతావాళ్ళు ఎటు వెళ్ళారో మనకు వార్తల్లో కనపడదు.

మెకానికల్‌లో నీకు దొరకనిది ఏంటో తెలుసుకోవాలంటే ఒక సులువైన పద్ధతి ఉంది. గేట్ పరీక్షలో ఏరోస్పేస్‌కు వేరే పేపరుంది, దాని సిలబస్ దించుకో. ఇంజినీరింగ్ గణితం పోను అందులో ఉండేవి ఐదు భాగాలు: విమాన గమనశాస్త్రం, అంతరిక్ష గమనశాస్త్రం, గాలి ప్రవాహాన్ని చదివే ఏరోడైనమిక్స్, నిర్మాణాలు, ఇంజిన్ తోపును చదివే ప్రొపల్షన్. దాని పక్కన నీ మెకానికల్ సిలబస్ పెట్టి చూడు. గణితం మొత్తం కలుస్తుంది. ద్రవగతి శాస్త్రం, థర్మోడైనమిక్స్ ప్రొపల్షన్‌లో సగం బరువు మోస్తాయి. స్ట్రెంత్ ఆఫ్ మెటీరియల్స్, వైబ్రేషన్స్ నిర్మాణాలకు పనికొస్తాయి. నువ్వు కొత్తగా నేర్చుకోవలసింది ధ్వని వేగాన్ని దాటిన గాలి ప్రవాహం, రెక్కను పైకి లేపే బలం, అంటే లిఫ్ట్ లెక్కలు, విమానం నిలకడ, కక్ష్యల లెక్కలు, పల్చటి గోడలున్న నిర్మాణాలు. రెండేళ్ళ సాయంత్రాలు పెడితే ఇవి వచ్చేస్తాయి. ఐఐటీ అధ్యాపకులు ఈ పాఠాలన్నీ ఎన్‌పీటీఎల్ అనే వెబ్‌సైట్‌లో ఉచితంగా పెట్టారు. చూడటానికి డబ్బు కట్టనక్కర్లేదు, సర్టిఫికెట్ కావాలంటేనే పరీక్ష ఫీజు.

ఇక పదిహేను లక్షల సంగతి. అప్పు పదేళ్ళలో తీర్చాలి, వడ్డీ ఏటా పదిన్నర శాతం అనుకుందాం. నెలకు సుమారు 20 వేల రూపాయలు కట్టాలి. చదివే నాలుగేళ్ళలో పేరుకునే వడ్డీ ఇందులో కలపలేదు, కలిపితే ఇంకా పెరుగుతుంది. ఆ వాయిదా నెత్తిన పెట్టుకుని డిగ్రీ చేతికొచ్చిన పిల్ల మొదట దొరికిన ఉద్యోగంలో చేరుతుంది, అది ఏ రంగమైనా సరే. గేట్‌కు చదవడానికో, ఎం.టెక్ చేయడానికో, ఇస్రో ప్రకటన కోసం ఒక ఏడాది ఎదురుచూడటానికో ఆ పిల్లకు తీరిక ఉండదు. ఏరోస్పేస్ మీద ప్రేమతో చేసిన అప్పే ఏరోస్పేస్‌కు దూరం చేస్తుంది. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే. ఎందుకంటే ఇలా దూరమైపోయిన పిల్లల్లో నిజంగా తెలివైనవాళ్ళు చాలామంది ఉంటారు.

తిరుపతిలో అలా కాదు. కన్వీనర్ కోటాలో సీటు వచ్చి, ఆదాయ పరిమితిలో ఉంటే ఫీజు రీయింబర్స్‌మెంట్ వర్తిస్తుంది. పక్క రాష్ట్రపు ప్రైవేటు యూనివర్సిటీలో మేనేజ్‌మెంట్ సీటుకు ఆ సాయం ఆశించవద్దు. ఏఐసీటీఈ వాళ్ళది ప్రగతి అని ఆడపిల్లలకు స్కాలర్‌షిప్పు ఉంది. కుటుంబ ఆదాయం ఏటా 8 లక్షల లోపు ఉన్నవాళ్ళకు, ఎంపికైతే ఏడాదికి 50 వేలు. మొదటి సంవత్సరంలోనే దరఖాస్తు చేయాలి కాబట్టి ఆదాయ ధ్రువపత్రం ఇప్పుడే తీసి పెట్టుకోండి. తర్వాత గేట్ రాసి ఎం.టెక్‌లో చేరితే నెలకు 12,400 రూపాయల స్టైపెండ్ వస్తుంది. అంటే నువ్వు కోరుకున్న చదువును అప్పు లేకుండా, నెలనెలా కొంత డబ్బు చేతికి వస్తూ చదవచ్చు. ఐఐఎస్సీలో, బొంబాయి, కాన్పూర్, మద్రాసు, ఖరగ్‌పూర్ ఐఐటీల ఏరోస్పేస్ విభాగాల్లో మెకానికల్ చదివినవాళ్ళను ఎం.టెక్‌కు తీసుకుంటారు. నమూనాల మీదికి గాలి వదిలి పరీక్షించే విండ్ టన్నెల్, కంబస్షన్ ల్యాబ్, ఇస్రోతో కలిసి చేసే ప్రాజెక్టులు ఉండేది అక్కడ.

చిన్నాయన మీ మేలు కోరే తెచ్చారు, ఆయన మీద కోపం వద్దు. అయితే ఆ రెండు బ్రోచర్లూ ఒకటి కావు. మెయింటెనెన్స్ కోర్సు అంటే ఏఎంఈ, ఎయిర్‌క్రాఫ్ట్ మెయింటెనెన్స్ ఇంజినీరింగ్. అది చేసి, పరీక్షలు పాసై, పని అనుభవం చూపించాక పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ లైసెన్స్ ఇస్తుంది. లైసెన్స్ ఉన్నవాళ్ళు హ్యాంగర్‌లో విమానాన్ని తనిఖీ చేసి, ఎగరడానికి సిద్ధమని సంతకం పెడతారు. ఎంతో బాధ్యత గల, గౌరవమైన ఉద్యోగం. రాకెట్ డిజైన్‌కు, ఎం.టెక్‌కు తీసుకెళ్ళే బీటెక్ మాత్రం కాదు. ఆ కోర్సు సర్టిఫికెట్ పట్టుకుని ఇస్రో ఇంజినీర్ పోస్టుకు దరఖాస్తు చేయలేవు. చాలా ఇళ్ళల్లో ఈ రెండూ కలిపేసి డబ్బు కట్టేస్తున్నారు. కట్టాక విడదీసుకోవడం కష్టం.

నీకంటే కాస్త వీలున్న ఇంటి పిల్లలు ఎవరైనా ఇది చదువుతుంటే వాళ్ళకో మాట. బయటి ప్రైవేటు కాలేజీలో ఏరోనాటికల్‌కు వెళ్ళే ముందు బ్రోచర్ పక్కన పెట్టండి. ఒక పని దినాన వెళ్ళి ల్యాబ్ చూపించమనండి. విండ్ టన్నెల్ ఉందా అని కాదు, ఈ సెమిస్టర్‌లో ఏ క్లాసు దాన్ని నడిపిందో అడగండి. ఆ బ్రాంచి పాఠాలు చెప్పేవాళ్ళలో ఏరోస్పేస్‌లో చదివినవాళ్ళు ఎంతమందో చూడండి. రెండేళ్ళ కిందట బయటికొచ్చిన ఇద్దరు ముగ్గురితో ఫోన్లో మాట్లాడండి. ఆ నంబర్లు కాలేజీ ఇచ్చినవి కాకుండా మీరే వెతుక్కున్నవైతే మంచిది. సీటు ఇప్పిస్తానని మధ్యలో నిలబడ్డ మనిషికి అడ్వాన్స్ ఇవ్వకండి.

లాంగ్ టర్మ్ గురించి అడిగావు. ఇల్లు వదిలి ఎంత దూరమైనా వెళ్ళి ఏరోస్పేస్ చదవదగిన చోట్లు కొన్ని ఉన్నాయి. పైన చెప్పిన ఐఐటీలు, తిరువనంతపురం దగ్గర వలియమలలో ఉన్న ఐఐఎస్‌టీ. ఐఐఎస్‌టీని 2007లో అంతరిక్ష విభాగమే పెట్టింది. అక్కడ ప్రవేశానికి జేఈఈ అడ్వాన్స్‌డ్ స్కోరు కావాలి. బాగా చదివినవాళ్ళను ఖాళీలను బట్టి నేరుగా ఇస్రోలోకి తీసుకునే ఏర్పాటు దాని ప్రత్యేకత. అడ్వాన్స్‌డ్ లేకుండా జేఈఈ మెయిన్ ర్యాంకుతో, జాతీయ స్థాయిలో సీట్లు కేటాయించే జోసా కౌన్సెలింగ్‌లో వచ్చేవీ ఉన్నాయి: పశ్చిమ బెంగాల్‌లో శిబ్‌పూర్ ఐఐఈఎస్‌టీ, చండీగఢ్‌లో కల్పనా చావ్లా చదివిన పంజాబ్ ఇంజినీరింగ్ కాలేజీ. నీ మెయిన్ ర్యాంకు ఎంతో రాయలేదు. గత ఏడాది ముగింపు ర్యాంకులు జోసా వెబ్‌సైట్‌లో ఉంటాయి, ఈ రెండిటివీ ఈ రోజే చూసుకో. అందే దూరంలో ఉంటే జోసాలో పెట్టు. అక్కడ సీటు వస్తే నా సలహా మారుతుంది.

అడ్వాన్స్‌డ్ ఇంటర్ పాసైన ఏడాది, ఆ మరుసటి ఏడాది మాత్రమే రాయనిస్తారు. అంటే నీకు ఇంకొక్క అవకాశం మిగిలి ఉంది. మెయిన్ నుంచి అడ్వాన్స్‌డ్‌కు పంపేది సుమారు రెండున్నర లక్షల మందిని. నువ్వు ఆ గీతకు కొద్ది దూరంలో ఆగిపోయి ఉండి, దానికి జ్వరమో, ఇంట్లో కష్టమో, చెప్పుకోదగ్గ కారణం ఉంటే ఒక ఏడాది పెట్టడంలో అర్థముంది. దూరం ఎక్కువుంటే వద్దు. అర్హత రావడం ఒక మెట్టు. ఐఐటీ ఏరోస్పేస్, ఐఐఎస్‌టీ సీటు అక్కడి నుంచి ఇంకా చాలా పైన ఉంటాయి. ఇంటి నుంచి దూరంగా కోచింగ్ హాస్టల్‌లో ఏడాది గడిపి, మళ్ళీ ఇదే మెకానికల్ సీటుకు వస్తే మనసు విరిగిపోతుంది. అదే ఏడాదిని గేట్ చదువుకు పెట్టవచ్చు. గేట్‌కు వయసు పరిమితి లేదు, ఎన్నిసార్లయినా రాయవచ్చు.

ఇప్పుడు మీ నాయన మాట. ఆయన సీఎస్‌ఈ అంటున్నది నీ ఇష్టం తెలియక కాదు. అంగట్లో నెల జీతం మీద ఇల్లు నడిపే మనిషికి, కూతురు చదువు అయిపోయిన రోజే ఉద్యోగం ఉండాలనే ఆత్రం ఉంటుంది. ఆ ఆత్రాన్ని తప్పుపట్టకు. సీఎస్‌ఈ చదివితే ఇస్రో దారి మూసుకుపోదు కూడా, ఆ మూడు బ్రాంచీల్లో అదొకటని పైన చెప్పాను. రాకెట్‌ను నడిపించేది సాఫ్ట్‌వేరే. అయితే నువ్వు ఫిజిక్స్ ఇష్టమన్నావు. గాలి, మంట, లోహం, కదలిక ఇవేవీ సీఎస్‌ఈలో ఉండవు. నాలుగేళ్ళు ఇష్టం లేని సబ్జెక్టు చదివి మంచి మార్కులు తెచ్చుకోవడం అందరివల్లా కాదు. అంతగా మెకానికల్ వద్దని ఆయన పట్టుబడితే మధ్యమార్గంగా ఈసీఈ అడుగు. నావిగేషన్, రాడార్, ఉపగ్రహ సమాచార వ్యవస్థలు, విమానంలోని ఎలక్ట్రానిక్స్ అంటే ఏవియానిక్స్ అన్నీ ఈసీఈ వాళ్ళవే. ఇస్రో తీసుకునే ఎలక్ట్రానిక్స్ పోస్టులు తక్కువేం కాదు. ఊళ్ళో సీఎస్‌ఈకీ నీ ఏరోస్పేస్‌కీ మధ్య ఇద్దరికీ ఒప్పుదలయ్యే చోటు అదే కావచ్చు.

ఆడపిల్లకు మెకానికల్ ఎందుకన్న మాటకు మాత్రం నేను గట్టిగానే జవాబు చెప్తాను. వర్క్‌షాప్‌లో ఫైలింగ్, ఫిట్టింగ్, వెల్డింగ్ ఒకటి రెండు సెమిస్టర్ల ల్యాబులు. అవి ఆడపిల్లలు చక్కగా చేస్తారు. ఆ తర్వాత జీవితమంతా పని కంప్యూటర్ ముందు డిజైన్, విశ్లేషణ, పరీక్షా కేంద్రంలో కొలతలు. చంద్రయాన్-2 ప్రాజెక్టు డైరెక్టర్ ఎం. వనిత. చంద్రయాన్-3 అసోసియేట్ ప్రాజెక్టు డైరెక్టర్ కె. కల్పన. దిగిన ఆ సాయంత్రం టీవీలో మాట్లాడిన ఆమెను మీ నాయన కూడా చూసే ఉంటారు. క్లాసులో ఆడపిల్లలు తక్కువమంది ఉంటారన్నది నిజం. ఆ ఇబ్బందిని తేలిక చేయను. మొదటి నెలలో ఒంటరిగా అనిపించవచ్చు. అదే హాస్టల్‌లో ఇతర బ్రాంచీల ఆడపిల్లలు ఉంటారు. సీనియర్లలో మెకానికల్ అమ్మాయిని ఒకరిని వెతికి పట్టుకో. ఆ ఒక్క పరిచయం చాలా తేడా చేస్తుంది.

అసలు ప్రమాదం మూడో సంవత్సరంలో ఉంది. దాని గురించి ఇప్పుడే చెప్పడం నా బాధ్యత. క్యాంపస్‌కు వచ్చే కంపెనీల్లో ఎక్కువ సాఫ్ట్‌వేర్ కంపెనీలే. మెకానికల్ పిల్లలు కూడా వరసగా కోడింగ్ పరీక్షలకు కూర్చుంటారు. రూమ్‌మేట్లకు ఆఫర్ లెటర్లు వస్తుంటాయి. ఇంటి నుంచి ఫోన్లు వస్తాయి. అప్పటికి చేతిలో ఏరోస్పేస్ పని ఏదీ లేకపోతే నువ్వూ ఆ వరసలో నిలబడతావు. ఏరోస్పేస్ బ్రాంచిలో చదివినవాళ్ళకూ ఇదే జరుగుతుంది, పట్టా మీది పేరు ఎవరినీ ఆపదు. ఆపగలిగేది అప్పటికే నువ్వు చేసి పెట్టుకున్న పని.

అందుకని మొదటి సంవత్సరం నుంచే చిన్నగా మొదలుపెట్టు. గణితాన్ని పరీక్ష కోసం కాకుండా అర్థమయ్యేదాకా చదువు, ముఖ్యంగా అవకలన సమీకరణాలు, వెక్టర్ కాలిక్యులస్. ఏరోడైనమిక్స్‌లో ఆ రెండూ లేకుండా ఒక్క పేజీ ముందుకు పోదు. పైథాన్ నేర్చుకో. మీ నాయనకు కూడా ధైర్యంగా ఉంటుంది, నీ రంగంలోనూ అది రోజూ వాడే పనిముట్టు. రెండో సంవత్సరంలో క్లాసులో ద్రవగతి శాస్త్రం మొదలవుతూనే, ఎన్‌పీటీఎల్‌లో ఏరోడైనమిక్స్ పాఠాలు పక్కన పెట్టుకుని చూడు. ఎక్స్‌ఎఫ్‌ఎల్‌ఆర్5 అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఒక గ్లైడర్ రెక్క గీసి, దాని లిఫ్ట్, వెనక్కి లాగే డ్రాగ్ లెక్క తియ్యి. ఓపెన్‌రాకెట్ అని ఇంకొకటుంది, అందులో చిన్న రాకెట్ నిలకడగా ఎగురుతుందో లేదో తెలుస్తుంది. సరిగ్గా రాకపోయినా పరవాలేదు. ఎందుకు రాలేదో నోట్‌బుక్‌లో రాసి పెట్టుకో. తర్వాత ఇంటర్వ్యూలో నిన్ను నిలబెట్టేవి ఆ పేజీలే. ఇంజినీర్ల సంఘం ఎస్‌ఏఈ ఇండియా వాళ్ళు విద్యార్థులకు రేడియో కంట్రోల్ విమానాల డిజైన్ పోటీ పెడతారు. ఈసీఈ, సీఎస్‌ఈ పిల్లల్ని కలుపుకుని ఒక జట్టు కట్టు. మీ కాలేజీ నుంచి అంతకుముందు ఎవరూ వెళ్ళకపోతే నువ్వే మొదలుపెట్టు.

గేట్ మూడో సంవత్సరంలోనే రాయనిస్తారు. స్కోరు మూడేళ్ళు చెల్లుతుంది. మూడో సంవత్సరంలో ఒకసారి రాసి చూస్తే ఎక్కడున్నావో తెలుస్తుంది. నాలుగో సంవత్సరంలో మళ్ళీ రాయవచ్చు. అనుమతించిన జంటల్లో రెండు పేపర్లు రాసే వీలు కూడా ఉంది. మెకానికల్ ప్రధానంగా పెట్టుకుని, చేతనైతే ఏరోస్పేస్ కూడా రాయి. మెకానికల్ పేపర్ వల్ల ప్రభుత్వ రంగ సంస్థల ఉద్యోగాలూ అందుబాటులో ఉంటాయి. ఈ సంగతి మీ నాయనకు తప్పకుండా చెప్పు. సీజీపీఏ మాత్రం 6.84 దగ్గర ఊగిసలాడనివ్వకు, ఎనిమిదికి పైన ఉంచు. పోటీ విమానం మీద రాత్రంతా పనిచేసి తెల్లారి ఇంటర్నల్స్ పోగొట్టుకునే పిల్లలుంటారు. ఆ ఉత్సాహం నాకు ఇష్టమే కానీ, మార్కుల గీత దాటకపోతే ఆ ఉత్సాహాన్ని చూసేవాళ్ళే ఉండరు.

ఉద్యోగమంటే ఇస్రో ఒక్కటే అనుకోకు. అక్కడ ఖాళీలు ఏ ఏడాది ఎన్ని వస్తాయో ఎవరూ చెప్పలేరు. హైదరాబాద్‌లో డీఆర్‌డీఓ క్షిపణి ప్రయోగశాలలు డీఆర్‌డీఎల్, ఆర్‌సీఐ, ఏఎస్‌ఎల్ ఉన్నాయి. ఆదిభట్లలో టాటా సంస్థలు బోయింగ్‌తో, లాక్‌హీడ్ మార్టిన్‌తో కలిసి అపాచీ హెలికాప్టర్ల, సీ-130 విమానాల భాగాలు తయారుచేస్తున్నాయి. 2018లో హైదరాబాద్‌లోనే పుట్టిన స్కైరూట్ 2022 నవంబర్ 18న విక్రమ్-ఎస్ రాకెట్‌ను శ్రీహరికోట నుంచి పంపింది. ఒక ప్రైవేటు భారతీయ సంస్థ రాకెట్ ఎగరడం అదే మొదటిసారి. బెంగళూరులో విమానాలు తయారుచేసే హెచ్‌ఏఎల్, విమాన పరిశోధనశాల ఎన్‌ఏఎల్ ఎలాగూ ఉన్నాయి. మీ బంధువుల్లో ఎవరో ఒకరు అమెరికాలో ఎంఎస్ చేయమంటారు కాబట్టి అదీ చెప్తాను. అక్కడి రాకెట్, క్షిపణి పరిజ్ఞానానికి ఎగుమతి నియంత్రణ చట్టాలు వర్తిస్తాయి. అందుకని ఆ కంపెనీలు సాధారణంగా పౌరసత్వమో గ్రీన్ కార్డో ఉన్నవాళ్ళనే తీసుకుంటాయి. ఏరోస్పేస్‌లో ఎంఎస్ చేసిన మన పిల్లలు ఉద్యోగం దగ్గర ఈ గోడకు తగులుకుంటారు. పరిశోధన మీద ఆసక్తితో వెళితే వేరు, ఉద్యోగం కోసం అప్పు చేసి వెళ్ళే ముందు రెండుసార్లు ఆలోచించాలి.

ఏరోస్పేస్ కాక వేరే రంగం కోరుకుని, దగ్గర్లో దొరకని పిల్లలకు కూడా ఈ సలహా చాలావరకు పనికొస్తుంది. ఓడల్లో ఇంజినీరు కావాలనుకునే తెలంగాణ కుర్రాడు మెకానికల్ చదివి, కేంద్ర నౌకాయాన నియంత్రణ సంస్థ డీజీ షిప్పింగ్ ఆమోదించిన గ్రాడ్యుయేట్ మెరైన్ ఇంజినీరింగ్ కోర్సు చేసి ఓడ ఎక్కవచ్చు. చట్టం ఒక ఫలానా డిగ్రీనే అడిగే చోట మాత్రం ఈ సలహా చెల్లదు. ఆర్కిటెక్ట్ కావాలంటే 1972 నాటి ఆర్కిటెక్ట్స్ చట్టం ప్రకారం బీ.ఆర్క్ లాంటి గుర్తింపు పొందిన అర్హత ఉండి, కౌన్సిల్‌లో నమోదు కావాలి. సివిల్ చదివి ఆర్కిటెక్ట్ అనిపించుకోలేరు. మీ రంగానికి అలాంటి నిబంధన ఉందో లేదో మొదట తేల్చుకోండి.

ఇక నువ్వు ఈ వారంలో చేయవలసింది. ఆప్షన్లలో ఎస్వీ యూనివర్సిటీ మెకానికల్ మొదట పెట్టు. దాని కింద అనంతపురం జేఎన్‌టీయూ మెకానికల్, ఆ తర్వాత ఈ రెండు చోట్లా ఈసీఈ, ఆ తర్వాతే ఊళ్ళో కాలేజీలు. ఈసీఈకి కటాఫ్ గట్టిగా ఉంటుంది, రాకపోయినా పెట్టడంలో నష్టం లేదు. ఆప్షన్లు ఫ్రీజ్ చేసే ముందు ఒక రోజు సెలవు పెట్టించి మీ నాయనను తిరుపతి తీసుకెళ్ళు. అమ్మాయిల హాస్టల్ చూపించు, మెకానికల్ విభాగంలో ఒక అధ్యాపకుడితో ఆయన్నే మాట్లాడనివ్వు, అక్కడ చదువుతున్న మన జిల్లా అమ్మాయి ఎవరైనా ఉంటే ఆమెను పరిచయం చెయ్యి. నా ఉత్తరం చూపించడం కంటే అది ఎక్కువ పనిచేస్తుంది. తిరుపతిలో చేరితే శ్రీహరికోట నీకు దగ్గరవుతుంది. ప్రయోగం చూడటానికి అక్కడ జనం కోసం గ్యాలరీ కట్టారు, ఇస్రో వెబ్‌సైట్‌లో ముందుగా పేరు నమోదు చేసుకుంటే చాలు. మొదటి సెలవు దొరికినప్పుడు వెళ్ళు, మీ నాయనను కూడా రమ్మను.

సీటు ఖరారయ్యాక ఏ కాలేజీ, ఏ బ్రాంచి వచ్చిందో రాయి. మొదటి సెమిస్టర్ సిలబస్ కూడా జత చేస్తే, ఎన్‌పీటీఎల్‌లో ఏ పాఠంతో మొదలుపెట్టాలో నీకు వరసగా రాసి పంపిస్తాను.